లాగిన్ గడపలో మూగబోయిన కీబోర్డు: నిదానవాదికీ చికిత్సావాదికీ సంవాదం

కంప్యూటరును వెలిగించాక తయారీదారు గుర్తు కనిపించి మాయమై, ఆపరేటింగ్ సిస్టమ్ మేల్కొని, వాడుకరి పేరు కింద పాస్‌వర్డ్ గడిని చూపి ఆగే స్థానాన్ని లాగిన్ అంటారు. ఆ స్థానంలో కీబోర్డు పలకకపోవడం, లోపల పని సాగుతున్నప్పుడు పలకకపోవడం వంటిది కాదు. లోపలికి వెళ్లాక కీబోర్డు మొరాయిస్తే మౌసుతో దస్త్రాలను భద్రపరచుకోవచ్చు, అమరికలు తెరిచి చూడవచ్చు. గడప వద్దనే మొరాయిస్తే మాత్రం యజమాని తన యంత్రానికే పరాయివాడవుతాడు, ఎందుకంటే తానెవరో చెప్పుకోవడానికి అక్కడ అతనికి ఉన్న నోరు చాలావరకు కీబోర్డే.

ఈ ఇబ్బందిని ఎదుర్కొనే తీరులో రెండు పక్షాలు కనిపిస్తాయి. పలకని భాగాన్ని మార్చివేయడమో, వ్యవస్థను మొత్తంగా తిరిగి స్థాపించడమో ముందుగా చేసి, కారణాన్ని తరువాత వెతుక్కోవచ్చునన్నది ఒక పక్షం. కారణం తేలేవరకు దేనినీ మార్చకూడదన్నది మరొక పక్షం. ఆయుర్వేదంలో రోగ కారణాన్ని నిర్ణయించడాన్ని నిదానం అంటారు. మాధవకరుని గ్రంథానికి మాధవనిదానమన్న పేరు ఆ అర్థంలోనే వచ్చింది. వాడుక తెలుగులో అదే మాటకు తొందరపడకపోవడమన్న అర్థం స్థిరపడింది. రెండర్థాలూ రెండవ పక్షానికి సరిపోతాయి కనుక ఆ పక్షాన మాట్లాడేవారిని ఇక్కడ నిదానవాది అనీ, ఎదుటివారిని చికిత్సావాది అనీ పిలవడమైనది.

సంవాదానికి స్థలంగా తీసుకున్నది న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో క్రైస్ట్‌చర్చ్ నగరానికి పడమటి పేట అయిన రిక్కార్టన్. 1843లో అక్కడ స్థిరపడిన డీన్స్ సోదరులు స్కాట్లండ్‌లోని తమ ఊరి పేరునే ఆ చోటుకు పెట్టారు. అంతకుముందు నుంచీ ఉన్న మావోరీ పేరు పూటరింగమోటు. కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం పక్కనే ఐలమ్‌లో ఉన్నందువల్ల ఈ పేటలో అద్దె గదులలో విద్యార్థులు ఎక్కువగా ఉంటారు. హైదరాబాదు నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక తెలుగు విద్యార్థి, సికింద్రాబాదులో కొన్న ల్యాప్‌టాప్‌ను అలాంటి గదిలో తెరిచి, మర్నాటికి సమర్పించవలసిన వ్యాసం లోపలే ఉండగా, లాగిన్ వద్ద ఆగిపోయాడన్న ఊహ మీద ఈ వాదం సాగుతుంది.

చికిత్సావాది: కీబోర్డు అరిగిపోయే భాగం. మీటల కింద పలుచని పొరల మీద గీసిన విద్యుత్ దారులు ఉంటాయి. టీ చుక్క పడినా, దుమ్ము చేరినా, లోపలి పట్టీ తీగ కొద్దిగా జారినా అవి తెగుతాయి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు ఇలాంటి ల్యాప్‌టాప్‌ను తీసుకువెళితే, బల్ల వెనుక కూర్చున్న మనిషి నాలుగు మీటలు నొక్కి చూసి, మరలు విప్పి కొత్తది బిగిస్తాడు. ఆ అంగళ్లు ఏళ్లుగా నిలిచినది ఈ పద్ధతి మీదనే. రిక్కార్టన్‌లోనైనా పెద్ద దుకాణానికి నడిచివెళ్లి ఒక యూఎస్‌బీ కీబోర్డు కొని తగిలించడానికి గంట పట్టదు. కారణాన్ని తవ్వుతూ రాత్రంతా కూర్చోవడం తీరిక ఉన్నవారి పని. ఆలస్యం అమృతాన్ని విషం చేస్తుందన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

నిదానవాది: భాగం మార్చడాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ ‘కీబోర్డు’ అన్న ఒక్క మాట కింద మీరు దాచిపెట్టినవి ఎన్నో ఉన్నాయి. మీటల అమరిక అడ్డవరుసలు, నిలువువరుసలు గల వల వంటిది. లోపలి చిన్న చిప్ ఆ వలను నిరంతరం వెతుకుతూ ఏ అడ్డవరుస ఏ నిలువువరుసను తాకిందో చూసి, ఆ మీటకు కేటాయించిన సంఖ్యను తయారుచేస్తుంది. ఆ సంఖ్య అక్షరం కాదు, కేవలం మీట స్థానం. యూఎస్‌బీ కీబోర్డు ఆ సంఖ్యను తనంతట తాను పంపదు. కంప్యూటరు కొన్ని మిల్లీసెకన్లకు ఒకసారి అడిగితేనే బదులిస్తుంది. అడిగేవాడు మాత్రం మొదటి నుంచి చివరి వరకు ఒక్కడు కాదు. యంత్రం వెలిగిన తొలి క్షణాలలో మదర్‌బోర్డులోనే నిక్షిప్తమై ఉన్న ఫర్మ్‌వేర్ అడుగుతుంది. తరువాత ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్ ఆ పనిని తన చేతిలోకి తీసుకుంటుంది. పరికరం మాటను కెర్నెల్‌కు తెలియజెప్పే దుబాసీ వంటి ప్రోగ్రామును డ్రైవరు అంటారు; ఆ డ్రైవర్ల మీదుగా సంఖ్య లాగిన్ తెరకు చేరి, అక్కడ అమలులో ఉన్న భాషా అమరికను బట్టి అక్షరమవుతుంది. పొలానికి నీరు అందనప్పుడు చెరువు ఎండిందా, తూము మూసుకుందా, కాలువకు గండి పడిందా అని చూడకుండా కొత్త చెరువు తవ్వించే రైతు ఉండడు.

చికిత్సావాది: పోలిక బాగుంది. కానీ రైతు కాలువ గట్టు వెంట నడిచి చూడగలడు. మూసి ఉన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న విద్యార్థి ఏ గట్టు వెంట నడవగలడు?

నిదానవాది: క్యాప్స్ లాక్ మీటను నొక్కి దాని దీపాన్ని చూడగలడు. ఆ దీపాన్ని యూఎస్‌బీ కీబోర్డు సాధారణంగా తానుగా వెలిగించుకోదు. మీట నొక్కిన వార్త కంప్యూటరుకు చేరి, కంప్యూటరు ఆ వార్తను అర్థం చేసుకుని, దీపం వెలిగించమని తిరుగు ఆజ్ఞ పంపితేనే అది వెలుగుతుంది. కనుక లాగిన్ తెర వద్ద దీపం వెలిగి ఆరుతూ ఉంటే మీటల వల, తీగ, డ్రైవరు మొత్తం మీద సజీవంగా ఉన్నాయనీ, లోపం చాలావరకు వాటికి పైన ఎక్కడో ఉందనీ తెలిసిపోతుంది. దీపం కదలకపోతే యంత్రాన్ని తిరిగి వెలిగించి, గుర్తు కనిపించే సమయంలో ఎఫ్2 గాని, డిలీట్ గాని, ఆ తయారీదారు నిర్ణయించిన మరొక మీట గాని నొక్కి ఫర్మ్‌వేర్ అమరికల తెర వస్తుందేమో చూడాలి. ఆ తెర తెరుచుకుని, బాణపు మీటలతో కదలడం సాధ్యమైతే కీబోర్డు బతికే ఉంది. ఫర్మ్‌వేర్ చేతి నుంచి కెర్నెల్ చేతికి మారే చోట పట్టు జారింది. రెండు పరీక్షలకూ కలిపి ఐదు నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు, చెరిగిపోయే సాక్ష్యమూ లేదు.

ఈ చేతిమార్పిడి సంగతి కొంత వివరణ కోరుతుంది, ఎందుకంటే ‘మొదట పనిచేసింది, తరువాత ఆగింది’ అన్న ఫిర్యాదుకు మూలం ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. ఫర్మ్‌వేర్ చిన్న ప్రోగ్రాము. మార్కెట్టులో ఉన్న ప్రతి కీబోర్డు విశేషాలనూ తెలుసుకునే స్తోమత దానికి లేదు. అందుకని యూఎస్‌బీ ప్రమాణాన్ని రూపొందించినవారు కీబోర్డులకు బూట్ ప్రోటోకాల్ అనే కనీస భాషను ఏర్పరచారు. అందులో ప్రతి సమాధానం 8 బైట్లు: మొదటి బైటు షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ వంటి మీటల స్థితిని చెబుతుంది, రెండవది ఖాళీగా ఉంచినది, తక్కిన ఆరు ఆ క్షణాన నొక్కి ఉన్న ఆరు మీటల సంఖ్యలు. కెర్నెల్ లేచాక ఈ కనీస భాషను విడిచి కీబోర్డుతో విస్తృతమైన భాషలో మాట్లాడుతుంది. ల్యాప్‌టాప్‌లలో లోపలి కీబోర్డు చాలా తరచుగా యూఎస్‌బీ దారిలో కాక, 1980ల నాటి పీఎస్/2 పద్ధతిని అనుకరించే వేరొక చిప్ ద్వారా కలిసి ఉంటుంది. దాని డ్రైవరు వేరు, దారి వేరు. ఒకే బల్ల మీద లోపలి కీబోర్డు పలకకుండా బయటి కీబోర్డు పలకడానికీ, దానికి విరుద్ధంగా జరగడానికీ కారణం ఈ దారుల భేదమే.

చికిత్సావాది: మీరు చెప్పిన దానిలోనే ఈ పక్షానికి బలం ఉంది. దారులు వేరైతే బయటి కీబోర్డు తగిలించడం కన్నా మంచి పరీక్ష ఏముంది? అది పలికితే లోపం లోపలిదానిది. అప్పుడు లోపలిదాన్ని మార్చాలి. చికిత్సే నిదానమైంది.

నిదానవాది: పరీక్షగా దానిని అంగీకరించవచ్చు, తీర్పుగా అంగీకరించలేము. 2025 అక్టోబరులో జరిగినది చూడండి. ఆ నెల 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 11కు కేబీ 5066835 అనే నెలవారీ నవీకరణ విడుదల చేసింది. రిక్కార్టన్ గడియారంలో అప్పటికే 15వ తేదీ ఉదయం. ఆ నవీకరణ స్థాపించిన యంత్రాలలో విండోస్ లోపల యూఎస్‌బీ కీబోర్డులు, మౌసులు చక్కగా పనిచేశాయి. కానీ విండోస్ లేవలేనప్పుడు తెరుచుకునే మరమ్మతు గది వంటి రికవరీ ఎన్విరాన్‌మెంట్‌లో మాత్రం అవి మూగబోయాయి. సంస్థ ఆ లోపాన్ని ఒప్పుకుని, నెలవారీ గడువు కోసం ఆగకుండా 20వ తేదీన కేబీ 5070773 పేరుతో సవరణ ఇచ్చింది. ఆ వారం రోజుల్లో ఒక మనిషి ఆ తెర ముందు కూర్చుని ఒకటి తరువాత ఒకటిగా పది యూఎస్‌బీ కీబోర్డులు తగిలించినా పదీ చచ్చినట్టే కనిపించేవి, పదీ నిక్షేపంగా ఉండేవి. మీ పరీక్ష ఆ మనిషితో మదర్‌బోర్డును మార్పించి ఉండేది.

ఈ ఉదాహరణ చికిత్సావాదిని కొంతసేపు ఆపింది. ఒకే కీబోర్డు, ఒకే యంత్రం, ఒకే రోజు. ఫర్మ్‌వేర్ చేతిలో పలికి, మరమ్మతు గదిలో మూగబోయి, విండోస్‌లో మళ్లీ పలికిందంటే, ‘పనిచేస్తుందా, లేదా’ అన్న ప్రశ్నే అసంపూర్ణమనీ, ‘ఎవరి చేతిలో ఉన్నప్పుడు’ అన్న మాట చేర్చినప్పుడే అది ప్రశ్న అవుతుందనీ ఒప్పుకోక తప్పదు. ఉద్యోగపు లెక్కలు, పరిశోధన పత్రాలు, ఇంటివారి ఫోటోలు ఉన్న యంత్రాలను ఈ ఒక్క మాట తెలియక తుడిచివేయించుకునేవారు ఉంటారు కనుక ఈ భేదాన్ని కంప్యూటరు తరగతులలో మొదటి పాఠంగా చెప్పవలసి ఉంది.

చికిత్సావాది: నవీకరణల లోపాలు అరుదు. దీపం వెలుగుతూనే ఉందనుకుందాం, అయినా గడిలో చుక్క కూడా పడదు. లేదా చుక్కలు పడతాయి, పాస్‌వర్డ్ తప్పు అంటుంది. అప్పుడు మీ నిదానం ఏమి చెబుతుంది?

నిదానవాది: ముందుగా ఆ రెండూ ఒకటి కావని చెబుతుంది. చుక్కలు పడకపోతే ఒక దారి, పడి తప్పనిపించుకుంటే పూర్తిగా వేరొక దారి. చుక్కలు పడనప్పుడు మొదట అనుమానించవలసినది ఫిల్టర్ కీస్ అనే సౌకర్యం. చేతులు వణికేవారు పొరపాటున తాకిన మీటలు లెక్కకు రాకుండా, కొంతసేపు అదిమి ఉంచిన మీటలనే స్వీకరించేందుకు దానిని ఏర్పరచారు. కుడివైపు షిఫ్ట్ మీటను 8 సెకన్లు అదిమి ఉంచితే అది మేల్కొంటుంది. ల్యాప్‌టాప్ మీద ఆనిన పుస్తకం అంచుకు ఆ మాత్రం బరువు ఉంటుంది. తరువాత మామూలు వేగంతో కొట్టిన మీటలు వృథా అవుతాయి. ఏదైనా ఒక అక్షరపు మీటను రెండు మూడు సెకన్లు అదిమి ఉంచినప్పుడు చుక్క పడితే రహస్యం బయటపడినట్టే. లాగిన్ తెర కుడివైపు కింది మూలన మనిషి బొమ్మతో ఉండే గుర్తును మౌసుతో తాకి దానిని ఆపవచ్చు.

రెండవ దారి, అంటే చుక్కలు పడినా పాస్‌వర్డ్ తప్పని చెప్పే సందర్భం, తెలుగువారికి దగ్గరి సంగతి. కీబోర్డు పంపేది మీట స్థానాన్ని సూచించే సంఖ్య మాత్రమే కనుక, దానికి అక్షరాన్ని అంటగట్టే పని భాషా అమరికది. భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా 1980లలో రూపొంది, 1991లో ఐఎస్ 13194 అనే భారతీయ ప్రమాణంలో చోటు సంపాదించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి. విండోస్‌లో తెలుగు పేరుతో కనిపించే మూల అమరిక అదే. ఆంగ్ల ఉచ్చారణను బట్టి కొట్టే తెలుగు అమరిక 2019 నవీకరణతో దానికి తోడైంది. ఇంటికి ఉత్తరం వంటి సందేశం తెలుగులో రాసి, అమరికను తిరిగి ఆంగ్లానికి మార్చకుండా యంత్రానికి తాళం వేసి వెళ్లినవారు తిరిగివచ్చి పాస్‌వర్డ్ కొట్టినప్పుడు ‘హెచ్’ మీట ‘ప’ను, ‘కె’ మీట ‘క’ను, ‘జె’ మీట ‘ర’ను ఇచ్చే అవకాశం ఉంది. గడిలో అన్నీ ఒకే రకం చుక్కలు కనుక కంటికి ఏ తేడా తెలియదు.

చికిత్సావాది: అది విద్యార్థి అజాగ్రత్త.

నిదానవాది: అజాగ్రత్త అనడం న్యాయం కాదు. రెండు భాషలలో బతికే మనిషి రెండు అమరికలు పెట్టుకోవడం సహజం. న్యూజిలాండ్‌లో అది తెలుగువారికే పరిమితమూ కాదు. మావోరీలో అచ్చు దీర్ఘమైనప్పుడు దాని నెత్తిన అడ్డగీత రాస్తారు. రిక్కార్టన్ పాత పేరు పూటరింగమోటులో మొదటి ఊకారానికి ఆ గీత ఉంది. దానిని రాయడానికి విండోస్ ఇచ్చే మావోరీ అమరికలో ఒకటి అంకె ఎడమపక్కన ఉన్న మీటను నొక్కి, వెంటనే అచ్చును నొక్కాలి. మొదటి నొక్కుకు తెర మీద ఏదీ పడదు. అది రాబోయే అక్షరం కోసం వేచి ఉంటుంది. అలాంటి మీటను మృత మీట అని పిలవడం ఆ రంగంలో వాడుక. పాస్‌వర్డ్‌లో ఆ మీట గుర్తు ఉన్నవారు మావోరీ అమరికలో దానిని కొట్టినప్పుడు, నొక్కు వృథా అయిందని భ్రమపడి రెండవసారి నొక్కుతారు, పాస్‌వర్డ్ చెడుతుంది. బ్రిటన్ అమరికను ఎంచుకుని ఉంటే ‘ఎట్’ గుర్తు, జంట ఉద్ధరణ గుర్తు పరస్పరం చోట్లు మార్చుకుంటాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో నమ్ లాక్ వెలిగి ఉంటే ‘జె’, ‘కె’, ‘ఎల్’ మీటలు 1, 2, 3 అంకెలను పంపుతాయి. వీటిలో ఒక్కదానికీ మరలు విప్పే సాధనం మందు కాదు. తెర మూలన కనిపించే భాషా సంకేతాన్ని చూసి, విండోస్ మీటతో పాటు స్పేస్ మీటను నొక్కి అమరికను మార్చడం, గడి చివరన కన్ను బొమ్మ ఉంటే దానిని అదిమి కొట్టిన అక్షరాలను కళ్లారా చూడడం చాలు.

కీబోర్డు పనిచేయడం లేదన్న ఫిర్యాదు చాలాసార్లు లిపికి, భాషకు సంబంధించినదై ఉండడం గమనించదగ్గది. యంత్రాలు ఒక్క భాష కోసం తయారై, తరువాత తక్కిన భాషలకు చోటిచ్చాయి. ఆ చోటు గడప వరకు పూర్తిగా విస్తరించలేదు. తెలుగులో రాసేవారు తెలుగు అమరికను తొలగించుకోవడం దీనికి పరిష్కారం కారాదు. లాగిన్ తెరకు వర్తించే అమరికలను వేరుగా నిర్ణయించుకునే వీలు విండోస్ అమరికలలో పరిపాలన సంబంధమైన భాషా విభాగంలో ఉంది. అక్కడ ఆంగ్లాన్ని మొదటిదిగా ఉంచి, లోపల తెలుగును నిశ్చింతగా వాడుకోవచ్చు.

చికిత్సావాది: అలాగైతే మరొక ఆక్షేపణ. గడప ఇంత ఇరుకుగా ఎందుకు ఉండాలి? లోపల పనిచేసే తెలుగు టైపింగు సాధనాలు, మీటల అర్థం మార్చే ప్రోగ్రాములు చాలావరకు లాగిన్ వద్ద పనిచేయవు. యజమానిని బయట నిలబెట్టే తలుపు తలుపుగా విఫలమైనట్టు కాదా?

నిదానవాది: యజమానికీ దొంగకూ ముఖభేదం తెలియని చోట తలుపు ఇరుకుగానే ఉండాలి. లాగిన్ తెర వద్ద ఏ ప్రోగ్రాము పడితే అది మీటలను వినగలిగితే పాస్‌వర్డును దొంగిలించడం తేలిక. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలను కలిపి నొక్కే పద్ధతిని 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కోసం డేవిడ్ బ్రాడ్లీ అనే ఇంజినీరు ఏర్పరచినది యంత్రాన్ని తిరిగి వెలిగించడానికి మాత్రమే. 1993లో విండోస్ ఎన్‌టీ దానిని లాగిన్ ద్వారానికి తాళపుచెవిగా మార్చింది. ఆ మూడు మీటల కలయికను కెర్నెల్ తప్ప మామూలు ప్రోగ్రాము ఏదీ పట్టుకోలేదు కనుక, నకిలీ లాగిన్ తెర వేసి మోసం చేయడం కష్టమవుతుంది. మీరు చెప్పిన టైపింగు సాధనాలలో చాలావరకు మామూలు ప్రోగ్రాములే. అవి లాగిన్ వద్ద నడవవు కనుక అక్కడి మూగతనానికి వాటి మీద నింద వేయడం తగదు. నింద పడవలసినది కొన్నిసార్లు ఫిల్టరు డ్రైవరు మీద. కీబోర్డు డ్రైవరుకూ పై పొరలకూ నడుమ కూర్చుని ప్రతి మీటనూ సోదా చేసే చిన్న డ్రైవరు అది. దానిని తెచ్చిన ప్రోగ్రామును తొలగించినా, విండోస్ నమోదు పట్టికలో దాని పేరు మిగిలిపోతే, లేని కాపలాదారు కోసం ఎదురుచూస్తూ కీబోర్డు దారి మొత్తం మూసుకుపోతుంది. అప్పుడు లోపలిదీ, బయటిదీ, అన్ని కీబోర్డులూ ఒకేసారి మూగబోతాయి, ఫర్మ్‌వేర్‌లో మాత్రం పలుకుతాయి. ఈ లక్షణ సముదాయం చూసినవారు ఫిల్టరు డ్రైవరును కూడా అనుమానించాలి.

లినక్స్ యంత్రాలలో ఇదే కథ వేరే పాత్రలతో నడుస్తుంది: డిస్కు మొత్తాన్ని గూఢలిపిలో ఉంచినప్పుడు, అసలు వ్యవస్థ లేవకముందే పాస్‌వర్డ్ అడిగే చిన్న తాత్కాలిక వ్యవస్థలో యూఎస్‌బీ కీబోర్డు డ్రైవర్లు చేరకపోతే అక్కడా మౌనమే.

చికిత్సావాది: ఇంతవరకు విన్నాక ఈ పక్షం ఒకటి అడగవలసి ఉంది. మర్నాడు ఉదయం వ్యాసం సమర్పించవలసిన విద్యార్థి నమోదు పట్టికలో చేయి పెట్టవచ్చునా? భాగం మార్చడం ప్రమాదమైతే అది అంతకన్నా ప్రమాదం కాదా? మరమ్మతు గది తెరిచి సురక్షిత స్థితిలోకి వెళ్లమని మీవంటివారు సలహా ఇస్తారు; డిస్కుకు బిట్‌లాకర్ రక్షణ ఉన్న యంత్రం ఆ దారిలో 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య అడగవచ్చు. పలకని కీబోర్డుతో 48 అంకెలు కొట్టడం ఎలా?

నిదానవాది: ఈ ఆక్షేపణ పూర్తిగా న్యాయమైనది. ఆ సంఖ్య చేతిలో లేకుండా ఫర్మ్‌వేర్ అమరికలను మార్చడం, మరమ్మతు గదిలోకి దిగడం తగదు. ఫర్మ్‌వేర్ తెరను తెరిచి చూసి, ఏదీ మార్చకుండా వెనుకకు రావడం వరకే హద్దు. ఆ సంఖ్య చాలామందికి వారి మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది, విశ్వవిద్యాలయం ఇచ్చిన యంత్రమైతే అక్కడి సాంకేతిక విభాగం వద్ద ఉండవచ్చు. దానిని వేరొక పరికరంలో చూసుకోవాలి. అంకెల మీటలు మాత్రమే చెడితే ఆ తెర వద్ద ఎఫ్1 నుంచి ఎఫ్9 వరకు ఒకటి నుంచి తొమ్మిది అంకెలుగా, ఎఫ్10 సున్నాగా పనిచేస్తాయి.

ఇక్కడి నుంచి వాదం తీరు మారింది. చికిత్సావాది కోరినది లోపలికి ప్రవేశం, నిదానవాది కోరినది కారణ నిర్ణయం. రెండూ వేర్వేరు లక్ష్యాలని ఇద్దరికీ స్పష్టమైంది. సాక్ష్యాన్ని చెరపని ప్రవేశోపాయం ఏదైనా ముందు చేయవచ్చునని నిదానవాది ఒప్పుకోగా, సాక్ష్యాన్ని చెరిపేవి ఏవో చెప్పమని చికిత్సావాది కోరారు.

నిదానవాది: వ్యవస్థను తిరిగి స్థాపించడం సాక్ష్యాన్నీ దస్త్రాలనూ కలిపి చెరపగలదు కనుక అది చిట్టచివరిది. చెరపనివాటిలో మొదటిది రీస్టార్ట్. ఆపి వెలిగించడం వేరు, రీస్టార్ట్ వేరు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ చేసినప్పుడు కెర్నెల్ స్థితి డిస్కు మీద భద్రమై, మళ్లీ వెలిగించినప్పుడు యథాతథంగా తిరిగివస్తుంది. తికమకపడిన డ్రైవరు కూడా తన తికమకతోనే తిరిగివస్తుంది. రీస్టార్ట్ చేసినప్పుడు మాత్రమే అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి. లాగిన్ తెర మీదనే ఉండే విద్యుత్ గుర్తును మౌసుతో తాకి దీనిని చేయవచ్చు. రెండవది, అదే తెర మీది సహాయక గుర్తు ద్వారా తెర కీబోర్డు తెరిచి, మౌసుతో ఒక్కొక్క అక్షరమే నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వడం. వైర్‌లెస్ కీబోర్డు వాడేవారు దాని బ్యాటరీ చూసి, బ్లూటూత్ రకమైతే తీగ ఉన్నది తగిలించాలి, ఎందుకంటే బ్లూటూత్ జత కట్టడం వ్యవస్థ కొంత లేచాకే సాధ్యం.

చికిత్సావాది: తెర కీబోర్డుతో లోపలికి వెళ్లి వ్యాసాన్ని బయటికి తీసుకోవచ్చు. ఆ తరువాత మిగిలిన భాగం రాయడానికి అప్పర్ రిక్కార్టన్ గ్రంథాలయంలోని ప్రజా కంప్యూటర్లు ఉన్నాయి. ఇంతవరకు ఈ పక్షానికి అభ్యంతరం లేదు. కానీ అన్ని పరీక్షలూ అయ్యాయనుకుందాం. దీపం వెలగదు, ఫర్మ్‌వేర్‌లోనూ లోపలి కీబోర్డు పలకదు, బయటిది మాత్రం అన్ని చోట్లా పలుకుతుంది. ఇప్పుడైనా మార్చవచ్చునా?

నిదానవాది: అప్పుడు మార్చవలసిందే, పట్టీ తీగ జారిందేమో చూసి, జారకపోతే మార్చాలి. అయితే ఈనాటి పలుచని ల్యాప్‌టాప్‌లలో కీబోర్డును పై చట్రానికి రివెట్లతో బిగించివేయడం పెరిగింది కనుక, పార్క్‌లేన్ బల్ల మీద మరలు విప్పినంత తేలికగా అది రాకపోవచ్చు. చట్రం మొత్తం మార్చవలసి రావచ్చు.

చికిత్సావాది: ఖర్చు ఎవరిది? న్యూజిలాండ్‌లో 1993 నాటి వినియోగదారుల హామీల చట్టం ఉంది. ఇంటి వాడకానికి కొన్న వస్తువు తగిన నాణ్యతతో లేకపోతే అమ్మినవారే సరిచేయాలని, సరిచేయలేకపోతే మార్చాలని లేదా డబ్బు తిరిగి ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది.

నిదానవాది: ఆ రక్షణ అక్కడ అమ్మిన వస్తువుకే. సికింద్రాబాదులో కొన్న యంత్రానికి దాని తయారీదారు ఇచ్చిన హామీ పత్రం విదేశంలో చెల్లుతుందో లేదో ఆ పత్రంలోనే చదువుకోవాలి; చెల్లకపోతే బయటి కీబోర్డుతో సంవత్సరం గడిపి, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పార్క్‌లేన్‌కు తీసుకువెళ్లడం చవక. చట్టం వర్తించే యంత్రమైనా, దుకాణంలో బల్ల మీద పెట్టేటప్పుడు ‘కీబోర్డు పనిచేయడం లేదు’ అని మాత్రం చెప్పకూడదు. ‘ఫర్మ్‌వేర్‌లోనూ పలకడం లేదు, క్యాప్స్ లాక్ దీపం వెలగడం లేదు, బయటి కీబోర్డు అన్ని చోట్లా పలుకుతోంది, డిస్కును తుడవనక్కరలేదు’ అని కాగితం మీద రాసి యంత్రంతో పాటు ఇవ్వాలి.

చికిత్సావాది: ఆ కాగితం మీద ఇంకొక వాక్యం చేర్చవచ్చు: పట్టీ తీగను ముందు చూడండి.